మైదానంలో తలుపులు

జూన్ 4

మావయ్యా,

నమస్కారం. ఫోనులో నా మాట మీకు సగమే వినిపిస్తుంది, ఆ సగానికే మీరు కోప్పడతారు. అందుకే ఉత్తరం. అమ్మ కూడా ఇదే మేలంది. "మీ మావయ్య కాగితం మీదైతే కాస్త మనిషిలా ఉంటాడు" అంది. నేను చెప్పానని అనకండి.

నాకు కొత్త పని అప్పగించారు. కాలవ పక్కన ఒక వీధి, ఒకే వరసలో పొట్టి రేకుల ఇళ్ళు. వాటిని తీసేసి, ఆ కుటుంబాలకు వేరేచోట నాలుగంతస్తుల ఇళ్ళు కట్టాలని ఆఫీసు నిర్ణయం. ఆ వేరేచోటు ఎక్కడో నాకూ చెప్పలేదు. వాళ్ళతో కూర్చుని, ఎవరికి ఎలాంటి ఇల్లు కావాలో తెలుసుకుని, ప్లాను గీసి ఒప్పించడం నా పని.

ఆ వీధివాళ్ళు ఇంట్లో పడుకుంటారు, గుమ్మంలో బతుకుతారు. ఒకాయన గొడుగులు బాగుచేస్తాడు, ఒకాయన దర్జీ. ఇస్త్రీ పెద్దమ్మ అని ఒకావిడ గుమ్మానికి అడ్డంగా బల్ల వేసుకుని బొగ్గుల పెట్టెతో బట్టలు రుద్దుతుంది. నాలుగంతస్తులు అనగానే నవ్వింది. "చొక్కా ఇస్త్రీకి తెచ్చినవాడు అన్ని మెట్లూ ఎక్కి, దిగేసరికి చెమటతో తడిపి మళ్ళీ నాకే ఇస్తాడమ్మా" అంది. గుమ్మంలో పని చేసుకునేవాళ్ళకి కింది ఇళ్ళే ఇప్పిస్తానని మాటిచ్చాను. అది దక్కాలంటే వాళ్ళంతట వాళ్ళు ప్లాను చూసి అడగాలి. చూస్తే కదా. కాగితం ముందు పెడితే అందరూ తల ఊపుతారు. గొడుగుల తాత ప్లాను తలకిందులుగా పట్టుకుని "బాగుందమ్మా" అన్నాడు. తిప్పి ఇచ్చాను. "ఇప్పుడూ బాగుంది" అన్నాడు.

మీ రోజుల్లో ఎలా చేసేవారు?

మీ మేనకోడలు


జూన్ 11

అమ్మాయ్,

నీ ఉత్తరం చేరింది. మీ అమ్మ అన్న మాట నువ్వు చెప్పలేదు, నేను వినలేదు. చిన్నప్పుడు నా పుస్తకాల అట్టలు చించి బొమ్మలకు పడకలు చేసిన మనిషి, నన్ను కాగితం మీదైనా మనిషిగా ఒప్పుకుందంటే పెద్ద మాటే.

మీ పెద్దాఫీసరు గంగిరెద్దు కులాసానా? నా కింద చేరినప్పుడు అతనికి కొలబద్దకు సున్నా ఏ వైపున ఉంటుందో తెలియదు. చెయ్యి పట్టుకుని నేర్పాను. నేనేమన్నా తల ఊపేవాడు. నా పై అధికారి దానికి సరిగ్గా ఎదురు చెబితే దానికీ ఊపేవాడు. ఆ ఊపే అతన్ని ఆ కుర్చీ దాకా మోసింది. నా తలకి ఆ విద్య రాలేదు. అందుకే చివరి రోజున ఒక గోడగడియారం చంకన పెట్టుకుని ఇంటికొచ్చాను. దారిలోనే ఆగిపోయింది, గడియారం.

సరే, నువ్వడిగిన దానికి వస్తాను. కాగితం మీది ఇల్లు చదువుకున్న కంటికే కనిపిస్తుంది. నేల మీది ఇల్లు అందరి కాళ్ళకీ కనిపిస్తుంది. నేను జీవితమంతా చరిత్ర పుస్తకాలు చదివాను. కోటలు కట్టించిన రాజుల పేర్లు కోకొల్లలు. ఆ కోటలో వంటవాడి పొగ ఎటు పోయేదో ఒక్కడూ రాయలేదు. వంటవాణ్ణి అడగరు కాబట్టి. నువ్వు అడుగు.

ఎలాగంటే, దగ్గరలో ఉన్న ఖాళీ జాగా చూసుకో. దూరమైతే ఆడవాళ్ళు రారు, మగవాళ్ళొచ్చి అబద్ధాలు చెప్పి పోతారు. దారం, మేకులు, చిల్లుల డబ్బా, పొడి సున్నం పట్టుకెళ్ళు. ఇంటిని అసలు సైజులో నేల మీద గీయి. గోడ మందం కూడా గీయి. తలుపు ఉండేచోట గీత ఆపు. ప్రతి ఇంట్లో ఆ ఇంటివాళ్ళ పేరు సున్నంతోనే రాయి. తన పేరు కనపడితే గానీ మనిషి నోరు తెరవడు. తర్వాత నువ్వు నోరు మూసుకుని పక్కన నిలబడు. మన వంశంలో ఈ చివరిదే కష్టం.

ఆశీస్సులతో,
కాగితం మీది మనిషి


జూన్ 24

మావయ్యా,

మీరు అక్కడ ఉండి చూడవలసింది!

కాలవ దాటగానే ఒక పెద్ద మైదానం ఉంది. గడ్డి తప్ప ఏమీ లేదు, ఎవరిదని అడిగితే ఆఫీసులో ఎవరికీ తెలియదు. "సార్, అక్కడ సున్నంతో గీసి చూపిస్తాను" అంటే మా పెద్దాఫీసరు తల ఊపారు. మీరు చెప్పినట్టే గీసి, పేర్లు రాశాను.

ముందు ఇస్త్రీ పెద్దమ్మ వచ్చింది. గీత దాటలేదు. చుట్టూ తిరిగి, గీత ఆగినచోట లోపలికి అడుగు పెట్టింది. గొడుగుల తాత మాత్రం నేరుగా నడిచొచ్చేశాడు. "ఏయ్, గోడలోంచి వస్తావేంటి, దెయ్యానివా?" అని ఆవిడ గద్దించింది. పాపం, వెనక్కి వెళ్ళి, వాకిట్లో దగ్గి మరీ వచ్చాడు. దర్జీ ఎక్కడ నిలబడ్డాడో చూసుకోలేదు. వాళ్ళావిడ బయటి నుంచి "అది స్నానాల గది! తలుపేసుకో, పరువు పోతోంది" అని కేకేసింది. అంత నవ్వు నేను ఈ ఉద్యోగంలో వినలేదు.

పెద్దమ్మకు గొడుగుల తాత పక్కిల్లు వద్దట, ఊచలు తగిలి బట్టలు చిరుగుతాయట. సరేనని ఆయన పేరు చెరిపి ఆ చివర రాశాను. సాయంత్రం వచ్చి "ఇక్కడే రాసెయ్యమ్మా మళ్ళీ. తిట్టడానికి అంత దూరం ఎవరు నడుస్తారు?" అంది. చీకటి పడుతున్నా ఎవరూ వెళ్ళలేదు. ఎవరి ఇంట్లో వాళ్ళు గడ్డి మీద కూర్చున్నారు.

ఒకటే లోటు. మీ రోజుల్లో అంతస్తులు లేవు కాబట్టి సరిపోయింది. నేల మీద గీస్తే అందరివీ కింది ఇళ్ళే అవుతాయి కదా. పై ఇళ్ళను కూడా పక్కనే గీయవలసి వచ్చింది. అది తర్వాత చెప్పి సర్దుకుంటాను.

మీ మేనకోడలు


జూలై 1

అమ్మాయ్,

చదివి సంతోషించాను. చివరి నాలుగు వాక్యాలు లేకపోతే ఇంకా సంతోషించేవాణ్ణి.

మా రోజుల్లో అంతస్తులు లేవా? నువ్వు ఉయ్యాల్లో ఉన్నప్పుడు నేను మూడంతస్తుల వాడ మొత్తం గీశాను. అందులో ఇప్పటికీ మనుషులు కాపురాలు చేస్తున్నారు. నేనేదో గుడిసెల మేస్త్రీని అన్నట్టు రాశావు. ఈ మాట ఎవరు నేర్పారో నాకు తెలుసు. మీ ఆఫీసులో కూర్చున్నవాళ్ళందరూ నా వెనక ఇదే అనేవాళ్ళు. "పెద్దాయన పద్ధతులు పాతవి" అని. పాతవే. అన్నం తినడం కూడా పాత పద్ధతే.

అదలా ఉంచు. ఇంత పని చేసి నువ్వు ఆఫీసులో నోరు విప్పవని నాకు తెలుసు. మీ నాన్న పోలిక. రేపు ఎవడో నీ గీతల పక్కన నిలబడి ఫోటో దిగుతాడు. నేను చాలా ఏళ్ళు అలా ఫోటోల బయట నిలబడ్డాను. నువ్వు నిలబడనక్కర్లేదు. ఆ సంగతి నేను చూసుకుంటాను.

అంతస్తుల మావయ్య


జూలై 9

మావయ్యా,

మిమ్మల్ని అనాలని రాయలేదు. ఇప్పుడు అదంతా రాసే తీరిక లేదు. ఒకటి జరిగింది.

మొన్న పొద్దున వీధికి వెళ్ళాను. ఒక్క ఇంటికీ తలుపు లేదు. గుమ్మాలన్నీ నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. మనుషులు లేరు. కాలవ దాటి చూస్తే మైదానంలో తలుపులు నిలబడి ఉన్నాయి. నేను గీత ఆపిన ప్రతిచోటా ఒక తలుపు, వెనక ఇటుకల ఆసరా, పక్కన కర్ర. గోడల్లేవు, కప్పు లేదు. ఆకుపచ్చవి, నీలివి, రంగు పోయినవి, వరసగా తలుపులు. వాటి వెనక పొయ్యిలు, మంచాలు, కుట్టుమిషను, ఇస్త్రీ బల్ల.

కంగారులో గీత దాటి పెద్దమ్మ దగ్గరికి పరిగెత్తాను. "తలుపు కొట్టి రామ్మా. నువ్వే గీసి నువ్వే తొక్కుతావా?" అంది. నిజం చెబుతున్నాను మావయ్యా, వెనక్కి వెళ్ళి తలుపు కొట్టాను. గడియ తీసి, "రా, కూర్చో" అంది.

పక్క వీధివాళ్ళు వచ్చి ఈ ఇళ్ళలో నిలబడి చూసి పోతున్నారట. "పేరుదేముంది, కాలితో రుద్దితే పోతుంది. తలుపు మోసుకుపోవాలంటే నలుగురు కావాలి" అన్నాడు దర్జీ. ఇల్లు కట్టేది ఇక్కడ కాదని చెప్పాను. "మరెక్కడ?" అన్నారు. తెలియదన్నాను. "చోటు తెలియకుండా ఇల్లెలా గీశావమ్మా?" అంది పెద్దమ్మ. కోపంగా కూడా అనలేదు.

మా ఆఫీసు నియమం ఒకటుంది. ఇంటికి తలుపున్నంతకాలం మనుషులున్నట్టు. వాళ్ళ మాట వినకుండా కూల్చకూడదు. తలుపు ఊడదీసుకుపోతే వాళ్ళంతట వాళ్ళు ఖాళీ చేసినట్టు. ఆ ఇంటిని మర్నాడే పడగొట్టొచ్చు. ఇది చెబితే నవ్వారు. "మేం బతికున్నామో లేదో మా తలుపునడుగుతారా?" అన్నాడు తాత.

బతిమాలాను. కింది ఇళ్ళు ఇస్తామని ఆఫీసు ముద్రతో కాగితం తెస్తే తలుపులు వెనక్కి మోసుకెళ్తామన్నారు. ఆ కాగితం కోసం తిరుగుతున్నాను. అంతదాకా ఈ విషయం ఆఫీసులో ఎవరికీ పొక్కకూడదు. మావయ్యా, దయచేసి మీరు ఎవరికీ ఒక్క ముక్క రాయకండి.

మీ మేనకోడలు


జూలై 12

అమ్మాయ్,

నీ ఉత్తరం నిన్న వచ్చింది. గంగిరెద్దుకి నేను రాసిన ఉత్తరం అంతకు వారం ముందే పోయింది.

తలుపుల సంగతి అందులో లేదు, ఎలా ఉంటుంది? నీ పని గురించే రాశాను. నలుగురిలో మెచ్చుకోమని రాశాను. చివర్లో మాత్రం, "నీకు తీరిక దొరికితే ఒకసారి ఆ మైదానానికి వెళ్ళి చూడు. నేను నేర్పినదేమిటో, నువ్వు మరిచినదేమిటో అక్కడ గీసి ఉంది" అని రాశాను. బాగా వచ్చింది వాక్యం. రెండుసార్లు చదువుకుని మరీ అంటించాను.

నువ్వు భయపడకు. ఆ మనిషి మట్టిలో కాలు పెట్టడం నేనెన్నడూ చూడలేదు. బూటు పాడవుతుందని కారు దిగేవాడు కాదు. వెళ్ళడు.

పోస్టాఫీసుకి కూడా వెళ్ళాను, ఉత్తరం ఏమైనా ఆపగలరా అని. కిటికీలో అమ్మాయి "అది ఈపాటికి చదివేసి కూడా ఉంటారండీ" అంది.

వెళ్ళడులే.

మావయ్య


జూలై 22

మావయ్యా,

వెళ్ళారు. బూట్లతోనే దిగారు.

"మీ మావయ్య రమ్మన్నారమ్మా" అన్నారు నాతో. మీ వాక్యం కంఠతా వచ్చు ఆయనకి. వెంట వచ్చినవాళ్ళందరికీ వినిపించారు. "చూడండి, మా గురువుగారి పద్ధతి. ఇవాళ్టికీ దీన్ని మించింది లేదు" అన్నారు. ప్రతి తలుపు ముందూ ఆగి తల ఊపారు. పెద్దమ్మ తన తలుపు తీసి, లోపలికి పిలిచి, బల్ల మీది బట్టలు పక్కకు జరిపి కూర్చోబెట్టింది. "కింది ఇల్లేగా బాబూ మాకు?" అంది. తల ఊపారు. ఆవిడ నా వైపు చూసి నవ్వింది, ఇంత చిన్న పనికి నువ్వెందుకు కాళ్ళరిగేలా తిరిగావు అన్నట్టు.

తర్వాత కాలవ దాటి పాత వీధికి వెళ్ళారు. "ఇక్కడ తలుపులు లేవే" అన్నారు, ఎవరితోనూ కాదు. పక్కనున్న గుమస్తా రాసుకున్నాడు.

ఆ వారంలోనే యంత్రం వచ్చింది. ఎవరూ అడ్డుపడలేదు మావయ్యా. ఒక్కరూ అరవలేదు. వాళ్ళ ఇళ్ళు మైదానంలో ఉన్నాయి కదా, ఇది ఎవరిదో పాత సామాను అన్నట్టు ఇవతలి గట్టున నిలబడి చూశారు. పెద్దమ్మ ఇంటి కప్పు పడ్డప్పుడు దుమ్ము మా దాకా వచ్చింది. కొంగుతో ముక్కు మూసుకుని, "పోనీలే, ఎప్పుడూ కారేది" అంది.

మరుసటి వారం మైదానానికి నోటీసు అంటించారు. ఒక తలుపుకే అంటించారు, గోడలు లేవు కాబట్టి. ఆ జాగా బస్సు డిపోదట. అనుమతి లేకుండా ఆక్రమించినవాళ్ళు ఖాళీ చేయాలట. ఆక్రమణదారులకు ఆఫీసు ఇళ్ళివ్వదు. కింద కాదు కదా, నాలుగో అంతస్తులో కూడా ఇవ్వదు.

పెద్దాఫీసరు గదికి వెళ్ళాను. "సార్, మైదానంలో గీస్తానంటే మీరు తల ఊపారు" అన్నాను. "అది నా అలవాటమ్మా. మీ మావయ్యనడుగు, చెబుతారు" అన్నారు. నన్ను పాత రికార్డుల గదికి మార్చారు.

ఎందుకు రాశారని అడగను. మీకు ఆయన మీద గెలవాలని ఉండేది. గెలిచారు. మీ పద్ధతి గొప్పదని పదిమంది ముందు ఒప్పుకున్నారు.

మీ మేనకోడలు


ఆగస్టు 5

అమ్మాయ్,

నీ ఉత్తరానికి జవాబు నాలుగుసార్లు రాసి చింపాను. మొదటి మూడింట్లో తప్పు నీదని నిరూపించాను. జాగా ఎవరిదో కనుక్కోకుండా గీయడమేమిటి, నోటిమాట కూడా లేని ఒప్పుదలని నమ్మడమేమిటి అని. బాగానే నిరూపించాను. నాలుగోదాంట్లో, దగ్గరలో ఉన్న ఖాళీ జాగా చూసుకోమన్నది ఎవరు అనే దగ్గర కలం ఆగింది.

నాకు తెలిసిన ప్రతి పై అధికారికీ, ప్రతి పత్రికకీ రాశాను. "మీ ఉత్తరం అందినది" అని రెండు జవాబులొచ్చాయి. మిగతావాళ్ళు అది కూడా ఒప్పుకోలేదు.

శుక్రవారం బస్సెక్కి మీ ఆఫీసుకే వచ్చాను. నీకు చెప్పలేదు. గేటు దగ్గర "ఎవరు కావాలి తాతా?" అన్నారు. నేను గీయించిన భవనం అది. మూత్రశాల ఎక్కడో నేను వాళ్ళకి చెప్పగలను. గంగిరెద్దు బయటికి ఎదురొచ్చి, "గురువుగారూ!" అని చెయ్యి పట్టుకుని, కూర్చోబెట్టి టీ తెప్పించాడు. దెబ్బలాడటానికి దారి పొడుగునా మాటలు పేర్చుకుని వచ్చాను. అన్నీ అన్నాను. ఆ తలుపులకి మనుషులున్నారన్నాను. నీ నియమం మనుషుల కోసమా, తలుపుల కోసమా అన్నాను. నువ్వు కొలబద్ద పట్టుకోవడం ఎవరి దగ్గర నేర్చావన్నాను. ప్రతిదానికీ తల ఊపాడు. "నిజమే గురువుగారూ, నిజమే" అన్నాడు. నా టీ చల్లారింది. గోడని తంతే కనీసం కాలైనా నొప్పెడుతుంది. ఊగే తలతో ఎవరు పోట్లాడగలరు? చివరికి కారిచ్చి బస్టాండుకి పంపిస్తానన్నాడు. వద్దన్నాను. అదొక్కటే నా గెలుపు.

నీ గది నేలమాళిగలో ఉందన్నారు. మెట్లు చూశాను. నా మోకాళ్ళు దిగుతాయి గానీ ఎక్కవు. పైనుంచి పిలుద్దామనుకున్నాను. ఆఫీసులో అరిస్తే నీకు చిన్నతనమని కాసేపు నిలబడి వచ్చేశాను.

మావయ్య


ఆగస్టు 13

మావయ్యా,

మీరొచ్చినట్టు గుమస్తా తర్వాత చెప్పాడు. పిలవాల్సింది.

వానలు పట్టుకున్నాయి. మైదానంలో సున్నం అంతా పోయింది. తలుపులు మాత్రం ఉన్నాయి. ఒకటి రెండు ఒరిగాయి. మనుషులు ప్లాస్టిక్ పట్టాలు కప్పుకుని వాటి వెనకే ఉన్నారు. గొడుగుల తాత బాగుచేయడానికి వచ్చిన గొడుగులన్నీ తెరిచి పొయ్యిలు తడవకుండా పైన పెట్టాడు. వాటి సొంతదారులు వచ్చి గొడవ చేస్తే, "వాన తగ్గాక రండి" అంటున్నాడు. డిపోవాళ్ళు కూడా వానలు తగ్గాక ప్రహరీ మొదలుపెడతారట.

గీతలు పోయాక గొడవలు మొదలయ్యాయి. నీ మంచం నా ఇంట్లో ఉందంటే, నీ పొయ్యి నా ఇంట్లో ఉందని. ఎప్పుడూ లేనిది పెద్దమ్మా దర్జీ భార్యా మాట్లాడుకోవడం లేదు. నిన్న పెద్దమ్మ ఆఫీసుకొచ్చింది. నన్ను తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. "ఒకసారి వచ్చి మళ్ళీ గీసి పో తల్లీ. ప్రహరీ కట్టేదాకానైనా కొట్టుకోకుండా ఉంటాం" అంది. ఇది ఇక నా పని కాదని, గీసినా ఆ ఇల్లు నిలవదని చెప్పాను. "తెలుసులే" అంది. అయినా వెళ్ళలేదు, అక్కడే నిలబడింది.

ఆదివారం వెళ్తున్నాను. మీ నుంచి నాకు ఒక్కటే కావాలి. వానకి చెరగని సున్నం ఎలా కలపాలో రాయండి. ఇంకేమీ రాయకండి.

మీ మేనకోడలు


ఆగస్టు 17

అమ్మాయ్,

ఇంట్లో ఉన్న పుస్తకాలన్నీ దించి చూశాను. కోటగోడకి ఏం కలిపారో ఉంది, వంతెనకి ఏం కలిపారో ఉంది. నేల మీద గీతకి ఎవరూ ఏమీ కలపలేదు. అలాంటి సున్నం లేదమ్మా. వాన పడితే మేం మర్నాడు మళ్ళీ గీసేవాళ్ళం.

ఇంకేమీ రాయొద్దన్నావు. ఇదొక్కటి రాస్తాను. పొడి సున్నం ఒక బస్తా కొని, పొద్దుటి బస్సు మీద వేయించాను. బస్టాండులో దింపుకో. తడి తగలకుండా పట్టా చుట్టాను. దారం కండె కూడా లోపల పెట్టాను, అది నా పాతదే. బస్తా పైకెక్కిస్తూ కండక్టరు, "ఏం తాతా, ఇల్లు కట్టిస్తున్నావా?" అన్నాడు.

తల ఊపాను.

మావయ్య